నలభై ఒక్క దిద్దుబాట్లు

హిందూపురం
3-5-2009

గౌస్ మామకు దేవేంద్ర సలాములు.

మీరు పోస్టులో పంపిన ప్రూఫు కాగితాలు అందాయి. అందాయంటే, నలభై ఎనిమిది పేజీల్లో ముప్పై ఒకటి అందాయి. మిగతావి కవరు చిరిగి ఎక్కడ జారిపోయాయో పోస్ట్‌మ్యాన్‌కు కూడా తెలియదు. అందినవాటిలో ఆరింటి మీద టీ ఒలికింది. పన్నెండో పేజీలో మీరు గీసిన బాణం కాగితం అంచు దాకా పోయి ఆగింది. అక్కడి నుంచి ఎక్కడికి పోవాలో నాకు చెప్పలేదు.

మామా, ఊరి వరసకు పిలిచే పిలుపే అయినా చనువుతో చెబుతున్నాను, ఇది మామూలు పుస్తకం కాదు. ముప్పై రెండేళ్ళు పశువుల ఆసుపత్రుల్లో కాంపౌండరుగా మీరు నేర్చుకున్నదంతా ఇందులో ఉంది. మా నాయన లాంటి గొర్రెల కాపరులు దీన్ని పట్టుకుని మందు పోస్తారు. అక్షరం తప్పు పడితే జీవాలు పోతాయి. కాబట్టి ఇకమీదట కాగితం వద్దు. పోయిన ఏడు మీ ఇంట్లో పెట్టిన కంప్యూటరు మీద దుప్పటి తీయండి.

అందులో లైనక్స్ వేశాను, గుర్తుంది కదా. వైరస్‌లు రావు, దొంగ కాపీ కాదు, ఎవరికీ పైసా ఇవ్వనక్కరలేదు. పుస్తకం పీడీఎఫ్‌గా చేసి ఈ పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. చదవడానికి ముందే ఉన్న ఎవిన్స్ అనే సాఫ్ట్‌వేర్ జోలికి పోకండి. అది చూపిస్తుంది, అంతే. గీత గీయనివ్వదు. ఓక్యులర్ అని ఇంకొకటి ఉంది, దాన్ని తెరవండి. ఎఫ్ సిక్స్ నొక్కితే పక్కన పనిముట్లు వస్తాయి. తప్పున్న చోట పసుపు చీటీ అంటించి అందులో దిద్దుబాటు కొట్టండి. అయ్యాక ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి పంపండి.

ఫోన్లో చెబుదామంటే మీరే వద్దన్నారు. "ఫోన్లో ఊఁ అంటావు, రెండు దినాల్లో మరిచిపోతావు, కాయితం మీద పెట్టు" అన్నారు. పెట్టాను.

ఉంటాను,
దేవేంద్ర


ధర్మవరం
24-5-2009

అల్లుడు దేవేంద్రకు గౌస్‌సాబ్ దీవెనలు.

పని అయింది. నలభై ఒక్క చోట్ల దిద్దాను. ఒక్కో చీటీ అంటించేసరికి ఒక పొట్టేలును పట్టి మందు పోసినంత కష్టమైంది.

తస్లీమ్ వేసవి సెలవులకు వచ్చి ఇక్కడే ఉంది. పెనుకొండ బళ్ళో పిల్లలకు చెప్పి చెప్పి దానికి ఓపిక పెరిగింది. కంప్యూటరులో తెలుగు కొట్టడం వచ్చు. నేను పక్కన కూర్చుని చెబుతుంటే అది కొట్టింది. ఒకసారి నేనూ మౌసు పట్టుకున్నాను. "నాయనా, గొర్రె కాలు పట్టినట్టు పట్టుకుంటాండావు. అది యాడికీ పారిపోదులే" అని నవ్వింది. ఇక నేను ముట్టలేదు.

తప్పులు చాలా ఉన్నాయప్పా. నువ్వు చదువుకున్నవాడివి, "నట్టలు" అని రాస్తే "నత్తలు" అని ఎలా కొట్టావు? కడుపులో పురుగులు పడితే మందు పోస్తారు గానీ నత్తలు పడితే ఎవరైనా మందు పోస్తారా? మందు కొలతల్లో కూడా నాలుగైదు చోట్ల సున్నాలు ఎక్కువ పడ్డాయి. అన్నీ చీటీల్లో ఉన్నాయి, చూసుకో.

పెన్‌డ్రైవ్‌ను సూదిమందు వచ్చే చిన్న అట్టపెట్టెలో దూదిపెట్టి పంపుతున్నాను. పగలదు.

గౌస్‌సాబ్


హిందూపురం
30-5-2009

మామా,

తెరిచాను. ఏమీ లేదు.

నలభై ఒకటి కాదు, ఒక్క చీటీ కూడా లేదు. నేను పంపిన ఫైలు ఎలా పంపానో అలాగే తిరిగి వచ్చింది. కాలేజీ ల్యాబులో ఇరవై కంప్యూటర్లు ఉన్నాయి, నాలుగింటిలో చూశాను. నత్తలు నత్తలుగానే ఉన్నాయి.

మీరు వేరే ఫైలు కాపీ చేసి ఉంటారు. లేకపోతే చీటీలు అంటించి సేవ్ చేయకుండా మూసి ఉంటారు. దయచేసి ఇంకోసారి సరిగా చూసి పంపండి. కాలేజీలో పరీక్షల పని నెత్తిన ఉంది, ఇది అయ్యేలా లేదు.

దేవేంద్ర


ధర్మవరం
5-6-2009

దేవేంద్రా,

చీటీలు నా ఇంట్లో, నా కంప్యూటరులో, పసుపుగా, నలభై ఒకటి ఉన్నాయి. తస్లీమ్ లెక్కపెట్టింది. మూసి తెరిచింది, ఉన్నాయి. కరెంటు పోయి వచ్చింది, ఉన్నాయి. నువ్వు చెప్పిన ఫైలే కాపీ చేసింది. మూడుసార్లు చేసింది. "ఆయప్ప కంప్యూటరు సారు కాబట్టి మనదే తప్పంటాడు నాయనా" అని అలిగి అన్నం కూడా తినలేదు.

మా వీధి చివర నెట్ సెంటరు వాడిని అడిగితే ఏమన్నాడో తెలుసా? "సాబ్, అందరూ వాడేది వాడితే ఒక నిమిషం పని. ఎవరూ వాడనిది తెచ్చి పెట్టుకుంటిరి" అన్నాడు. నేను నీ పరువు పోకూడదని, "మా అల్లుడు ఊరికే పెట్టడులే" అని చెప్పి వచ్చాను. ఇప్పుడు నువ్వు నన్నే సేవ్ చేయలేదంటావు.

ముప్పై రెండేళ్ళు మందుల రిజిస్టరు రాశాను. ఒక్క వరుస తప్పలేదు. నాకు అబద్ధమాడే అలవాటు లేదు.

తస్లీమ్ బడి పన్నెండున తెరుస్తారు. అది వెళ్ళిపోతుంది. ఏం చేస్తావో ఆలోపల చెయ్యి.

గౌస్‌సాబ్


ధర్మవరం, మీ ఇల్లు
14-6-2009, ఆదివారం

మామా,

పొద్దున ప్యాసింజరుకు వచ్చాను. పన్నెండో తేదీ లోపల రావడానికి కాలేజీ వాళ్ళు సెలవు ఇవ్వలేదు. మీరు కనగానపల్లికి ఎవరి జీవాలనో చూడ్డానికి పోయారని పక్కింటివాళ్ళు చెప్పి తాళం ఇచ్చారు. సాయంత్రం బండికి వెళ్ళిపోవాలి, అందుకే ఈ చీటీ టేబులు మీద పెడుతున్నాను.

తప్పు మీది కాదు, తస్లీమ్‌ది అంతకన్నా కాదు. నేను తెలుసుకోకుండా నోరు పారేసుకున్నాను, మన్నించండి. ఈ ఓక్యులర్ గుర్తులను పీడీఎఫ్ లోపల రాయదట. కంప్యూటరులోనే ఒక దాగిన ఫోల్డరులో, తన సొంత పుస్తకంలో రాసి పెట్టుకుంటుంది. మీ ఇంట్లో తెరిస్తే రెండూ కలిపి చూపిస్తుంది. ఫైలు ఒక్కటే హిందూపురం వస్తే చీటీలు ధర్మవరంలోనే ఉండిపోతాయి. ఇంత చదువుకున్నవాళ్ళు తయారుచేసి ఇలా ఎందుకు పెట్టారో నాకు అర్థం కాలేదు. తల బాదుకున్నాను.

దీని కొత్త రకంలో ఫైలునూ గుర్తులనూ కలిపి కట్టగట్టి పంపే వీలు ఉంది. మీ కంప్యూటరులో ఉన్నది పాతది, దానికి తోడు నత్త నడక. అందుకని మొత్తం తుడిచి కొత్త లైనక్స్ వేశాను. మీ ఫైళ్ళన్నీ ముందే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాను, భయం లేదు.

దేవేంద్ర


ధర్మవరం
17-6-2009

అల్లుడా,

కొత్తది బాగా వేగంగా తెరుచుకుంటోంది. చాలా సంతోషం.

చీటీలు మాత్రం లేవు.

ఇన్నాళ్ళూ నీ దగ్గర లేవు, నా దగ్గర ఉన్నాయి. ఇప్పుడు నా దగ్గర కూడా లేవు. ఇదేనా నువ్వు చేసిన బాగు? తస్లీమ్ పెనుకొండ వెళ్ళిపోయింది. దసరా దాకా దానికి సెలవుల్లేవు. నీ దగ్గర ఉన్నాయో లేవో వెంటనే రాయి.

గౌస్‌సాబ్


హిందూపురం
22-6-2009

మామా,

ఆ సాఫ్ట్‌వేర్‌ను నమ్మి మోసపోయాం. కొత్తదానికీ పాతదానికీ పొత్తు కుదరలేదు, గుర్తులు పోయాయి. జరిగింది జరిగిపోయింది. దాని పేరు ఇక ఎత్తవద్దు.

వారం రోజులు కూర్చుని మిగతావన్నీ చూశాను. ఒకటి తెలుగు అక్షరాలను ముక్కలు చేసి చూపిస్తుంది. ఒకటి తెరుచుకుని మూసుకుంటుంది. ఒకదాని మెనూలు చూస్తే విమానం నడపాలేమో అనిపించింది. చివరికి ఒకటి దొరికింది. పేరు ముందు ఎక్స్ అనే అక్షరం ఉంటుంది, జర్నల్ అనుకోండి. అది పేజీని కింద పరిచి, దాని మీద పెన్నుతో రాసినట్టు రాయనిస్తుంది. మౌసు పట్టుకుని తప్పు ఉన్న చోట ఎర్రగా కొట్టివేయండి, సరిగ్గా ఉంటే పక్కన టిక్కు పెట్టండి. టైపు చేయడం ఏమీ లేదు, తస్లీమ్ అవసరం కూడా లేదు. చివర్లో పీడీఎఫ్‌గా తీస్తే మీ గీతలు పేజీలోనే అంటుకుని వస్తాయి. ఎలా తీయాలో వెనక వైపు బొమ్మ గీసి పంపుతున్నాను.

ఆ నలభై ఒకటి మీకు గుర్తుండే ఉంటాయి. ఇంకోసారి చదివితే సరిపోతుంది. పెనుకొండలో సంజీవప్ప ప్రెస్సు ఆగస్టు మొదటి వారంలో ఖాళీ అవుతుందట. మాట ఇచ్చాను.

దేవేంద్ర


ధర్మవరం
15-7-2009

అల్లుడు దేవేంద్రకు,

చూశాను. అంతా సరిగానే ఉంది. టిక్కులు పెట్టాను. నాలుగు చోట్ల కొట్టివేశాను. పెన్‌డ్రైవ్ పంపుతున్నాను. అచ్చు వేయించు.

గౌస్‌సాబ్


హిందూపురం
21-7-2009

మామా,

ఈసారి గీతలు వచ్చాయి. వచ్చాక, రాకపోయినా బాగుండేది అనిపించింది.

మీ టిక్కులు వరుసల మీద లేవు. రెండు వరుసల కింద ఉన్నాయి, కొన్ని పేజీ బయట తెల్లటి చోట ఉన్నాయి. పందొమ్మిదో పేజీలో మీరు కొట్టివేసింది తప్పును కాదు, గొర్రె బొమ్మను. నత్తలకు టిక్కు పెట్టారు. మీరే నన్ను ఎగతాళి చేసిన నత్తలు మామా! మౌసు కుదరలేదంటే ఒప్పుకుంటాను. పేజీని పెద్దది చేసుకోండి అని బొమ్మలో గీసి మరీ చెప్పాను కదా?

అసలు సంగతి ఇరవై ఏడో పేజీ. నాయన రెండు రోజులు ఇక్కడ ఉండి వెళ్ళాడు. చదువు రాదు కదా, పుస్తకం వినిపించమన్నాడు. చదువుతూ పోతుంటే నట్టల మందు కొలత దగ్గర చెయ్యి ఎత్తాడు.

"ఏమబ్బీ, మళ్ళ సదువు."

చదివాను. "ఇరవై మి.లీ."

"ఇరవయ్యా? ఇరవై పోస్తే తెల్లారేతలికి సగం మంద కాళ్ళు సాపుతాది. గౌస్‌సాబ్ రెండే పోస్తాండె. జీవాల కాళ్ళు పట్టుకున్నోణ్ణి నేను, నాకు తెల్దా?"

ఆ ఇరవై పక్కన మీ టిక్కు ఉంది. అన్ని టిక్కులూ పక్కకు జారినా అది మాత్రం సూటిగా అక్కడే ఉంది. అచ్చుకు పంపేసి ఉంటే ఏమయ్యేది? ఐదువందల కాపీలు, ఐదువందల మందలు. నేను కొట్టిన తప్పే, కాదనను. కానీ మీరు దాన్ని చూసి సరే అన్నారు. ముప్పై రెండేళ్ళు అదే మందు పోసిన చెయ్యి మీది. చదవకుండా టిక్కులు పెట్టి పడేశారా? పుస్తకం మీద విసుగు పుట్టిందా? నా మీద పుట్టిందా?

ఇలా ఉత్తరాలతో తెగదు. వచ్చే ఆదివారం, 26న, పొద్దున ప్యాసింజరుకు పెనుకొండ రండి. మీకూ నాకూ సగం దారి. నేను స్టేషన్లో ఉంటాను. కాగితం మీద తీసిన ప్రూఫు తెస్తాను. ఇద్దరం సంజీవప్ప ప్రెస్సులో కూర్చుని ఒక్కరోజులో ముగించేద్దాం.

దేవేంద్ర


ధర్మవరం
28-7-2009

దేవేంద్రా,

రాలేదు. రాను. పుస్తకం ఆపెయ్యి. ప్రెస్సు వాళ్ళకు మాట తప్పింది నేనని చెప్పు. ఆ పెన్‌డ్రైవ్ నీ దగ్గరే ఉంచుకో.

గౌస్‌సాబ్


హిందూపురం
2-8-2009

మామా,

పెనుకొండ స్టేషన్లో పొద్దున ఏడున్నర నుంచి మధ్యాహ్నం రెండు దాకా కూర్చున్నాను. ధర్మవరం వైపు నుంచి వచ్చిన ప్రతి బండిలో దిగినవాళ్ళందరి మొహాలూ చూశాను. కోపంతో ఊగిపోయాను. తర్వాత మీ ఉత్తరం వచ్చింది. నాలుగు వరుసలు. పుస్తకం ఆపెయ్యి అని.

అది చదివాక నాకు ఒకటే అనిపించింది. మీకు తెలిసిపోయింది. అందుకే నన్ను ఇలా శిక్షిస్తున్నారు. తెలిసిపోతే దాచి లాభం లేదు. ఒకవేళ తెలియకపోయినా చెప్పకుండా ఉండలేను.

చీటీలను మింగింది సాఫ్ట్‌వేర్ కాదు. నేను. ఆ ఆదివారం మీ ఇంట్లో ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాను గానీ దాగిన ఫోల్డరును తీసుకోలేదు. అది దాగి ఉంటుందని మీకు చీటీలో రాసిందీ నేనే, దాన్ని మరిచిపోయిందీ నేనే. బండికి టైమవుతుందని తొందరపడి మొత్తం తుడిచేశాను. సోమవారం ల్యాబులో తెరిచి చూస్తే లేదు. మీరు ఉత్తరం రాసేలోపలే నాకు తెలుసు. మీరూ తస్లీమూ ఎండాకాలమంతా కూర్చుని చేసిన పనిని ఒక్క బటన్ నొక్కి పారేశానని చెప్పడానికి నోరు రాలేదు. నోరులేని సాఫ్ట్‌వేర్ మీదికి తోశాను.

పైగా మీరు చదవకుండా టిక్కు పెట్టారని మిమ్మల్నే నిలదీశాను. నాకు ఆ హక్కు లేదు.

తిట్టండి మామా. పుస్తకం మాత్రం ఆపవద్దు.

దేవేంద్ర


ధర్మవరం
9-8-2009

అన్నా, ఈ చేతిరాత నాది, తస్లీమ్‌ది. మాటలు నాయనవి. ఆదివారమని వచ్చాను. ఒక్క మాట కూడా మార్చవద్దని నా చేత ఒట్టు వేయించుకుని చెబుతున్నాడు.

అల్లుడా,

తుడిచింది నువ్వేనని రాశావు. నాకు తెలియదు. ఇప్పుడే తెలిసింది. మొదట ఒళ్ళు మండింది. తస్లీమ్ కూడా "ఆయప్ప చీటీలు తుడిచి మనకు చెప్పకపాయె!" అని ఎగిరిపడింది. కానీ దాచినవాణ్ణి తిట్టే మొహం నాకూ లేదు.

నాకు కళ్ళు కనబడవు.

పూర్తిగా పోలేదు. మనుషులు తెలుస్తారు, దారి తెలుస్తుంది. అక్షరం తెలియదు. షుగరు కళ్ళలోకి దిగిందని అనంతపురం డాక్టరు పోయిన ఏడే చెప్పాడు. లేజర్ పెట్టించుకోమన్నాడు. రేపు, ఎల్లుండి అనుకుంటూ జరిపేశాను. పోతే ఉన్నది కూడా పోతుందేమోనని భయం. నీ ఉత్తరాలు భూతద్దం పెట్టుకుని ఒక్కో మాటా చదువుతాను, ఒక పూట పడుతుంది. నేను రాసే ఉత్తరాలు ఈ మధ్య పొట్టిగా, అక్షరాలు గుమ్మడికాయలంత ఎందుకున్నాయో నువ్వు అడగలేదు. కంప్యూటరులో నువ్వు చెప్పినట్టే పెద్దది చేశాను. పెద్దది చేస్తే అక్షరం కనబడుతుంది, మాట కనబడదు. ఒక అక్షరం చూసి పక్కదానికి పోయేసరికి మొదటిది మరిచిపోతాను. చివరికి ఊహించుకుని టిక్కులు పెట్టాను. ఆ ఇరవై నాకు రెండుగానే తోచింది. రెండని నాకు తెలుసు కాబట్టి రెండే ఉంటుందనుకున్నాను.

మేలో తస్లీమ్ చదివింది, నేను విన్నాను. అందుకే నలభై ఒక్క తప్పులు దొరికాయి. నా దిద్దుబాట్లన్నీ దాని కళ్ళతో చేసినవే. అది బడికి పోయాక నేను ఒంటరినైపోయాను. ఆ మాట నీకు చెప్పలేకపోయాను.

ఎందుకు చెప్పలేదంటే, ఇంకా నా దగ్గరికి జీవాలను తెస్తున్నారు. కనగానపల్లి నుంచి, చెన్నేకొత్తపల్లి నుంచి వస్తారు. "సాబ్ సెయ్యి పడితే సాలు" అంటారు. కన్ను పోయిందంటే ఎవరు వస్తారు? గుడ్డివాడు రాసిన మందుల పుస్తకం ఎవరు కొంటారు?

ఇంకొకటి ఉంది. ఇది తస్లీమ్‌కూ ఇప్పుడే చెబుతున్నాను. పోయిన డిసెంబరులో చెన్నేకొత్తపల్లి ఈరక్క దగ్గరికి పోయాను. ఆమె చూడిగొర్రెకు జ్వరం. సూది ఎత్తాను. సిరంజి మీద గీత కనబడలేదు. అందాజుగా లాగి పొడిచాను. ఎక్కువైంది. నేను ఊరు దాటకముందే గొర్రె పడిపోయిందట. ఈరక్కకు ఆ గొర్రెలే ఆస్తి. మరునాడు కబురు పంపింది, పోయాను. "రోగం ముదిరిపోయిండాది ఈరక్కా, నా చేతిలో లేకపాయె" అని చెప్పాను. అబద్ధమాడే అలవాటు లేదని నీకు రాశాను చూడు, అదీ అబద్ధమే.

ఆ రోజు నుంచే పుస్తకం పట్టుకున్నాను. నాకు తెలిసింది నా కళ్ళతో పోకూడదని. ఇరవై ఏడో పేజీ సంగతి నువ్వు రాశాక, నేను అచ్చులో కూడా అదే పని చేయబోయానని తెలిసింది. అందుకే ఆపమన్నాను. నీ మీద కోపంతో కాదు.

(అన్నా, నాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఇంతే చెప్పాడు. నాకు కూడా ఇప్పటిదాకా కళ్ళద్దాల పవరు మారిందనే చెప్పాడు. - తస్లీమ్)


హిందూపురం
14-8-2009

మామకు సలాములు. తస్లీమ్ చదివి వినిపించాలి.

మూడు నెలలు నేను కంప్యూటరుతో కొట్లాడాను. ఆరు సాఫ్ట్‌వేర్లు మార్చాను. ఒక్కసారి కూడా, దాని ముందు కూర్చున్న మనిషికి ఎలా ఉంది అని అడగలేదు. మీ అక్షరాలు పెద్దవైనాయని చూశాను, వయసుకు చాదస్తం అనుకున్నాను. ఇంకేమీ రాయలేను దాని గురించి.

ఇక పని. పుస్తకం ఆగదు. ప్రతి ఆదివారం పెనుకొండలో తస్లీమ్ ఇంటికి నేను వస్తాను. మీరూ రండి. ఈసారి స్టేషన్లో కూర్చోబెట్టారంటే ధర్మవరం వచ్చి ఎత్తుకుపోతాను. తస్లీమ్ చదువుతుంది, మీరు వింటారు, నేను పక్కన ఉంటాను. మీరు తప్పన్న చోట తను ఆ జర్నల్‌లోనే ఎర్రగా గీస్తుంది. వెతికి వెతికి చివరికి దానికే వచ్చాను. గీత పేజీలో అంటుకుని ఉంటుంది, తుడిచేయాలన్నా నా వల్ల కాదు. కొలతలు అన్నీ అంకెల్లోనే కాక అక్షరాల్లో కూడా రాద్దాం. నాయనకు ఒకసారి మొత్తం వినిపించి, ఆయన చెయ్యి ఎత్తకపోతేనే అచ్చుకు ఇద్దాం.

అనంతపురం కళ్ళ డాక్టరు దగ్గరికి బుధవారం నేను తీసుకుపోతాను. రేపు, ఎల్లుండి అంటే వినను. అంతవరకు మీరు సిరంజి ముట్టవద్దు. ఇది చిన్నవాడినైనా గట్టిగానే చెబుతున్నాను.

ఈరక్క సంగతి నేను చెప్పేది కాదు. మీకే తెలుసు.

దేవేంద్ర


ధర్మవరం
25-10-2009

అల్లుడు దేవేంద్రకు గౌస్‌సాబ్ చెప్పించి రాయించిన ఉత్తరం. రాసేది తస్లీమ్.

రెండో కంటికి కూడా లేజర్ అయింది. ఉన్నది నిలుస్తుందట. పోయింది రాదట. నువ్వు కాలేజీకి పోవాలని తొందరపడి ఆ రోజు డాక్టరు మాట పూర్తిగా వినలేదు, అందుకని రాస్తున్నాను. నాకు ఇది చాలు.

ఆదివారాల దిద్దుబాటు ముగిసినా, అచ్చుకు ఇచ్చే ముందు ఒక పని మిగిలింది. నిన్న తస్లీమ్‌ను తోడు తీసుకుని చెన్నేకొత్తపల్లి పోయాను. ఈరక్క మంద దగ్గరే ఉంది. చెట్టు కింద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. తాగలేకపోయాను.

"ఈరక్కా, పోయినేడు నీ సూడిగొర్రెను సంపింది రోగం కాదు. నేను. సిరంజి గీత నాకు కనపడలేదు. మందు ఎక్కువైపాయె" అన్నాను.

ఆమె కట్టెతో మట్టి గీకుతూ కూర్చుంది. తర్వాత అంది:

"నాకు ఆ పొద్దే తెలుసు సాబూ. సూదిని ఎండకు ఎత్తితివి, మళ్ళ ముక్కు కాడికి తెచ్చుకుంటివి, మళ్ళ ఎత్తితివి. గంగజాతర్లో దీపం ఎత్తినట్టు నాలుగుసార్లు ఎత్తితివి. కండ్లు సరిగా ల్యావని అప్పుడే అనుకుంటి."

"మరి అడగకపోతివే?"

"అడిగితే నువ్వు మళ్ళ వస్తావా? రావు. సిగ్గుపడి ఇంట్లో కూసుంటావు. ఈ పక్క ఊర్లకు ఇంకెవరుండారు? ఒక గొర్రె పోయిండాది, కడుపు మండిండాది, నిన్ను తిట్టుకుంటి, ఏడిస్తి. నువ్వు రోగం ముదిరిందని అబద్ధం సెప్పినాక ఇంకా మండింది. అంతే. ఆ మాట సెప్పను నీకు పది నెలలు పట్టె."

గొర్రెకు బదులు ఇస్తానన్నాను. "ఇప్పుడు నీ కాడ గొర్రె యాడుంది ఈయను, వచ్చే వానాకాలం సూస్తాంలే" అని లేచి మందలోకి పోయి ఒక పిల్లను ఎత్తుకొచ్చి నా ఒళ్ళో పడేసింది. రెండు దినాలుగా పాలు తాగడం లేదట.

"కండ్లు ల్యాకపోతే సేతులుండాయి కదా. సూడు."

చూశాను అల్లుడా. కడుపు తడిమాను, నోరు తెరిచి వేలు పెట్టాను, చెవి పట్టుకున్నాను. కడుపు ఉబ్బరం. నా సంచిలో మందు ఉంది గానీ చెయ్యి దాని మీదికి పోలేదు. నీ మాట గుర్తుంది. ఈరక్క నా చేతిలోంచి సంచి లాక్కుంది. సీసా తీసింది, కొలత గొట్టం తీసింది.

"ఎంత?"

"సిన్న గీత, ఒకటే."

ఆమె గొట్టంలోకి మందు లాగి, ఎండకు ఎత్తి చూసింది. తస్లీమ్ కూడా పక్కన వంగి చూసింది. "ఒకటే గీత సాబూ" అని ఈరక్క గట్టిగా చెప్పింది. "ఒకటే గీత నాయనా" అని తస్లీమ్ కూడా చెప్పింది. అప్పుడు పిల్ల నోరు నేను తెరిచి పట్టాను, మందు ఆమె పోసింది.

పుస్తకం మొదట్లో ఒక పేజీ చేర్చు. ఏ సాఫ్ట్‌వేర్‌లో చేరుస్తావో నీ ఇష్టం, నన్ను అడగవద్దు. అందులో ఇలా ఉండాలి: మందు కొలిచేవాడు కొలత గీతను పైకి చదవాలి. పక్కన ఇంకొకరు చూసి, వాళ్ళు కూడా పైకి చదవాలి. కన్ను మసకేసినవాడు ఆ మాట దాచకూడదు. దాచి నేను ఒక గొర్రెను చంపాను. నా పేరుతోనే వెయ్యి. ఈరక్కను అడిగాను, ఆమె పేరు కూడా వెయ్యమంది.

మేము లేచి వచ్చేటప్పుడు పిల్ల ఈరక్క చంకలోంచి దూకి తల్లి పొదుగు వెతుక్కుంటూ పోయింది. నాకు అది కనబడలేదు. తస్లీమ్ చెప్పింది.